మొదటి గడప చిన్న ప్రచురణకర్తదే

ఫాంటసీ నవల రాసి, దాన్ని ఎవరికి పంపాలో తోచక సలహా అడిగే కొత్త రచయితకు మన సాహిత్య వర్గాల్లో దొరికే జవాబు దాదాపు ఖాయం. చిన్న ప్రచురణ సంస్థకు పంపి లాభం లేదంటారు. వాళ్లు వేసేది అయిదొందల కాపీలు, అవి అమ్ముడయ్యేసరికి నీ జుట్టు నెరుస్తుందంటారు. కథల సంపుటాలు, అనువాదాలు, ఉద్యమ చరిత్రలు వేసుకునేవాళ్లకు మాంత్రికులూ గుహలూ ఎందుకు పడతాయంటారు. యాప్‌లో వారానికో భాగం పెట్టుకో, లేదా స్క్రిప్టుగా మార్చి ఏ నిర్మాతకైనా వినిపించు, అదీ కాదంటే చేతి చమురు వదిలించుకుని నువ్వే అచ్చేసుకో అని పంపేస్తారు. ఇలా చెప్పేవాళ్లలో నాకు గౌరవమున్న రచయితలూ ఉన్నారు. అయినా ఇది తప్పుడు సలహా. ఫాంటసీ రాసినవాళ్లు అందరికంటే ముందు తలుపు తట్టాల్సింది చిన్న, స్వతంత్ర ప్రచురణకర్తదే.

ఈ సలహా వెనక ఒక లెక్క ఉంది. పెద్ద సంస్థ అంటే ఎక్కువ కాపీలు, ఎక్కువ దుకాణాలు, ఎక్కువ ప్రచారం. పోటీ పరీక్షల పుస్తకానికి, వ్యక్తిత్వ వికాసానికి, పేరున్న నటుడి ఆత్మకథకు ఈ లెక్క సరిపోతుంది. వాటిని ఎవరు కొంటారో అచ్చుకు ముందే తెలుసు. లేని లోకాన్ని పుట్టించిన నవలకు అలాంటి సిద్ధంగా ఉన్న పాఠకుడు దొరకడు. అది తన పాఠకుల్ని తానే తయారుచేసుకోవాలి. అందుకు టైము పడుతుంది. అంతవరకూ ఎవరో ఒక మనిషి ఆ పుస్తకాన్ని భుజాన వేసుకుని తిరగాలి. ఆ మనిషి పెద్ద సంస్థలో దొరకడం అరుదు.

రిచర్డ్ ఆడమ్స్ అనే బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి కారు ప్రయాణాల్లో ఇద్దరు కూతుళ్లకు చెప్పిన కుందేళ్ల కథను ఒక పెద్ద నవలగా రాశాడు. ఆ కుందేళ్లకు సొంత భాష ఉంది, సొంత దేవుడున్నాడు, సొంత పురాణాలున్నాయి. వాటిలో ఒకదానికి రాబోయే కీడు ముందే తెలుస్తుంది. ఆ రాతప్రతి ఎక్కిన గడపా దిగిన గడపా అయింది. పెద్ద పిల్లలు కుందేళ్ల కథంటే చిన్నతనమనుకుంటారు, చిన్న పిల్లలకు ఈ శైలి కొరుకుడు పడదు, మరి ఎవరికి అమ్మాలి అన్నది తిప్పి పంపినవాళ్ల వాదన. చివరికి 1972లో లండన్‌లో రెక్స్ కాలింగ్స్ అనే చిన్న ప్రచురణకర్త దాన్ని తీసుకున్నాడు. ఆయనకు అడ్వాన్సు ఇచ్చే స్తోమత కూడా లేదు. వేసింది 2,500 కాపీలు. అయితే లండన్‌లో సమీక్ష రాయగల ముఖ్యమైనవాళ్లందరి బల్లల మీదికీ కాపీలు చేరేలా చూసుకున్నాడు. అదే 'వాటర్‌షిప్ డౌన్'. ఆ ఏటి కార్నెగీ మెడల్ దానికే వచ్చింది. తర్వాత ఇంగ్లండులో పెంగ్విన్, అమెరికాలో మాక్‌మిలన్ దాన్ని లక్షల మందికి చేర్చాయి. పెద్ద సంస్థలు వచ్చింది ఒక చిన్నవాడు తెగించి నిలబెట్టాకే.

దీన్ని అదృష్టమని కొట్టిపారేసేవాళ్లుంటారు. అదృష్టం కంటే ఇందులో పని తీరు ఎక్కువ. పెద్ద సంస్థలో ఒక సంపాదకుడికి రాతప్రతి నచ్చితే సరిపోదు. అమ్మకాల విభాగం కూర్చుంటుంది. ఇలాంటిది ఇంతకుముందు ఏది అమ్ముడైంది, ఎన్ని పోయాయి అని అడుగుతుంది. కొత్త ఫాంటసీకి ఆ ప్రశ్నే ఉరితాడు, ఎందుకంటే దాని గొప్పతనమంతా అలాంటిది ఇంతకుముందు లేకపోవడంలోనే ఉంది. చిన్న సంస్థలో చదివేదీ, నిర్ణయించేదీ, నష్టపోతే భరించేదీ ఒకే మనిషి. నచ్చిందా, వేస్తాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

టోల్కీన్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1937లో 'ది హాబిట్'ను అచ్చేసింది జార్జ్ అలెన్ అండ్ అన్విన్ అనే లండన్ సంస్థ. దాన్ని నడిపించేది అన్విన్ కుటుంబం. యజమాని స్టాన్లీ అన్విన్ ఆ రాతప్రతిని పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చి, చదివి అభిప్రాయం రాసినందుకు ఒక షిల్లింగు కూలి ఇచ్చాడు. కుర్రవాడు బాగుందన్నాడు. 1,500 కాపీలు వేశారు. తర్వాత ఏళ్ల తరబడి రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పూర్తయ్యేసరికి టోల్కీన్‌కు ఆ సంస్థ మీద మనసు విరిగింది. తన పురాణగాథ 'సిల్మరిలియన్' కూడా దాంతోపాటే రావాలని ఆయన పట్టు. కాలిన్స్ అనే పెద్ద సంస్థ ఆశ చూపించింది. రోజులు గడిచాయి. చివరికి నవలకు బాగా కోతపెట్టాలన్నారు, బేరం చెడింది. 1952లో రాతప్రతి మళ్లీ అన్విన్‌ల దగ్గరికే వచ్చింది.

అప్పటికి రేనర్ ఎదిగి తండ్రి సంస్థలోనే పనిచేస్తున్నాడు. ఇది వేస్తే వెయ్యి పౌండ్ల దాకా మునగొచ్చని లెక్కగట్టి, విదేశంలో ఉన్న తండ్రికి కబురు పెట్టాడు. అది మహత్తరమైన రచన అని నీకు గట్టి నమ్మకముంటే ఆ వెయ్యి పోయినా పర్వాలేదని తండ్రి జవాబు. రచయితకు ముందుగా ఒక్క పౌండు లేదు, ఖర్చులు తిరిగొచ్చాక లాభంలో సగం ఇచ్చేలా ఒప్పందం. కాగితం ధర మండిపోతున్న రోజులు కాబట్టి మూడు సంపుటాలుగా విడగొట్టి 1954, 1955లలో తెచ్చారు. మొదటి సంపుటం 3,000 కాపీలు. ఇక్కడ నన్ను కదిలించేది అమ్మకాల సంగతి కాదు, పదేళ్ల వయసులో ఒక రచయితను చదివి మెచ్చుకున్న పాఠకుడు పదిహేనేళ్ల తర్వాత కూడా అదే ఇంట్లో, అదే రచయిత కోసం కాచుకుని ఉండటం. పెద్ద సంస్థల్లో కుర్చీలు మారిపోతుంటాయి. నిన్న మన పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్న సంపాదకుడు ఇవాళ ఇంకో కంపెనీలో ఉంటాడు. మన రాతప్రతి కొత్తగా వచ్చినవాడి బల్ల మీద అనాథగా పడి ఉంటుంది.

ఇవన్నీ పాత రోజుల ముచ్చట్లు అనుకోనక్కర్లేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రచయిత్రి కెల్లీ లింక్, ఆమె భర్త గావిన్ గ్రాంట్ కలిసి నడిపే స్మాల్ బీర్ ప్రెస్ 2013లో సోఫియా సమతార్ మొదటి నవల 'ఎ స్ట్రేంజర్ ఇన్ ఓలాండ్రియా'ను వేసింది. డ్రాగన్లు లేవు. పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఒక మిరియాల వర్తకుడి కొడుకును ఒక చనిపోయిన పిల్ల దెయ్యమై పట్టుకుని, నా కథ రాయమని వేధించడమే ఇతివృత్తం. మరుసటి ఏడాది వరల్డ్ ఫాంటసీ అవార్డు ఆ నవలకే దక్కింది.

ఇంగ్లీషు పుస్తకాల ఊసు తెలుగులో ఎందుకు, మనకు ఫాంటసీ పాఠకుడేడి అని పెదవి విరిచేవాళ్లకు చందమామ గుర్తులేదనుకోవాలి. 1947లో మొదలైన ఆ పత్రికలో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రెండు దశాబ్దాలకు పైగా సీరియల్ తర్వాత సీరియల్ రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయాసరోవరం. నెల నెలా ఇంట్లో ఎవరు ముందు చదవాలని కొట్టుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. అవి పుస్తకాలుగా రావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ పనికి పూనుకున్నదీ చిన్న సంస్థలూ, పాత చందమామ అభిమానులే.

ఫాంటసీ పలాయనవాదమని, పిల్లల సరుకని చప్పరించేసే విమర్శకులకు ఇంకో పేరు గుర్తుచేస్తాను. చందమామ సంపాదకత్వపు బరువు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మోసింది కొడవటిగంటి కుటుంబరావు. మధ్యతరగతి జీవితాన్ని నిర్దాక్షిణ్యంగా విప్పి చూపిన వాస్తవిక రచయిత, మార్క్సిస్టు. ఆయనకు రాక్షసుల కథ అంటరానిదిగా కనిపించలేదు. తన పేరు మీద వాస్తవిక కథలు రాస్తూనే, పేరు లేకుండా మాంత్రికుల కథల భాష దిద్దారు. ఆయన పేరు చెప్పి ఫాంటసీని తోసిపుచ్చేవాళ్లు ఆయన బతుకులో సగం పనిని తోసిపుచ్చుతున్నారు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన పురాణాల అరువు లేకుండా కథంతా తానే అల్లి 'కళాపూర్ణోదయం' రాస్తే దాన్ని విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెబుతాం, ఇవాళ ఎవరైనా అదే సాహసం చేస్తే పిల్లల పత్రికకు పంపమంటాం.

ఇక సినిమా సలహా. తెలుగువాడు మాయను నమ్మడానికి టికెట్టు కొంటాడు గానీ పుస్తకం కొనడట. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' ఎక్కడి నుంచి వచ్చింది? మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల నుంచి. అంటే ముందు పుస్తకం ఉంది, దాన్ని చదివినవాళ్లున్నారు, ఆ తర్వాతే తెర. ఇప్పుడు ఆ క్రమం తలకిందులైంది. 'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చింది. ఆ లోకానికి పూర్వకథగా శివగామి మీద నవల 2017లో అచ్చయింది. రాసింది ఆనంద్ నీలకంఠన్, మొదట ఇంగ్లీషులో. అది ఆయన తప్పు కాదు, మంచి పనే చేశారు. తెలుగు సినిమా పుట్టించిన రాజ్యానికి తెలుగులో నవల రాసేవాళ్లు, దాన్ని అచ్చేసేవాళ్లు ముందు వరసలో లేకపోవడం మాత్రం మన లోటు. స్క్రిప్టుగా మార్చుకోమని చెప్పి చెప్పి మనం చేసిందిదే. నవలలో అయిదు పేజీలు పట్టే ఒక నగర వర్ణన స్క్రిప్టులో ఒక్క వాక్యమవుతుంది. నిర్మాత కాదంటే రచయిత దగ్గర మిగిలేది నవలా కాదు, సినిమా కాదు.

యాప్‌ల మీద నాకు కోపం లేదు. అక్కడ రాసి రాసి చెయ్యి తిరిగినవాళ్లను చూశాను. కాకపోతే వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచాలన్న తొందరలో ప్రతి భాగం చివరా ఒక కత్తి మెడ మీదికి రావాలి. లోకం నెమ్మదిగా కట్టుకునే కథ ఆ ఒత్తిడికి నిలవదు. పైగా అక్కడ లక్షమంది చదివినా, ఈ అధ్యాయం ఇక్కడ ఉండకూడదని చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఫాంటసీకి మిగతా అన్ని రకాల రచనల కంటే ఎక్కువగా కావలసింది ఆ ఒక్కడే.

చిన్న సంస్థల కోసం రాతప్రతులు చదవడం నా పనుల్లో ఒకటి. వాటిలో ఒకదాని గురించి చెబుతాను. స్పైరల్ బైండింగ్ చేయించిన అయిదొందల పైచిలుకు ఏఫోర్ పేజీలు. మొదటి పేజీలో బాల్‌పెన్నుతో గీసిన పటం, అందులో ఏడు కోటలు, ఒక నది. మూడో అధ్యాయంలో నది పడమటి కొండల్లో పుట్టి తూర్పు సముద్రంలో కలుస్తుంది. నలభయ్యో అధ్యాయంలో సైన్యం వాలుకు పడవలు వదిలి హాయిగా పడమటి కొండలకు చేరుతుంది. ఒక మంత్రం వాడితే వాడినవాడి జ్ఞాపకాల్లో ఒకటి చెరిగిపోవాలన్నది కథకు ఆయువుపట్టు. ఇంత మంచి ఊహ నేను ఈ మధ్య చదవలేదు. చివరి యుద్ధంలో నాయిక ఆ మంత్రాన్ని ఎడాపెడా వాడుతుంది, ఏమీ మర్చిపోదు. రాణిగారు ఒక పేజీలో "ఓయీ, నీవెచ్చటి నుండి వచ్చుచున్నావు?" అంటుంది, రెండు పేజీలు తిప్పితే "ఏంట్రా, ఎక్కణ్ణుంచి?" అంటుంది.

వీటిని పట్టుకోవడానికి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి. నది ఎటు పారుతుందో ఒక కాగితం మీద, ఎవరు ఏ మంత్రం ఎప్పుడు వాడారో ఇంకో కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత రచయితతో కూర్చుని, అమ్మా, నీ నాయిక గెలవాలంటే ఏ జ్ఞాపకం పోగొట్టుకోవాలో నువ్వే చెప్పు అని అడగాలి. అలా అడిగితే ఆ నవల రాసిన అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల నాన్న ముఖం అంది. చివరి అధ్యాయాలు మొత్తం తిరగరాసి తెచ్చింది. ఈ పని నెలకు ముప్ఫై పుస్తకాలు తెచ్చే చోట జరగదు, ఏడాదికి అయిదారు వేసే చోట జరుగుతుంది.

చిన్న సంస్థలన్నీ మంచివేనని నేను అనను. అమెరికాలో 1948లో మొదలైన నోమ్ ప్రెస్ చిన్నదే. అసిమోవ్ 'ఫౌండేషన్'ను 1951లో పుస్తకంగా తెచ్చింది, రాబర్ట్ హోవర్డ్ కోనన్ కథల్ని అట్టల మధ్యకు తెచ్చింది. రచయితలకు డబ్బు మాత్రం సరిగా ఇవ్వలేదు. చివరికి అసిమోవ్ పుస్తకాల హక్కులు డబుల్‌డే సంస్థకు వెళ్లాయి, నోమ్ ప్రెస్ మూతపడింది. మన దగ్గర వేరే రోగం ఉంది. రాతప్రతి పంపగానే, చదవకుండానే, ఇంత కట్టండి అచ్చేసి ఇస్తాం అని అంకె చెప్పేవాళ్లున్నారు. వాళ్లు అచ్చు పనికి కాంట్రాక్టు తీసుకునేవాళ్లు, ప్రచురణకర్తలు కారు. డబ్బు ఎప్పుడూ రచయిత వైపే రావాలన్నది అమెరికన్ ఫాంటసీ రచయిత జేమ్స్ మెక్‌డొనాల్డ్ పెట్టిన సూత్రం. కొత్తవాళ్లు దాన్ని గోడమీద రాసుకోవాలి. చిన్న సంస్థ అడ్వాన్సు ఇవ్వలేకపోవచ్చు, రాయల్టీ ఆలస్యం కావచ్చు, టోల్కీన్‌లాగా లాభంలో వాటా మాట్లాడుకోవచ్చు. రచయిత జేబులో చెయ్యి పెట్టే సంస్థకు మాత్రం దూరంగా జరగాలి. కొందరు మోసం చేస్తారని అందరి తలుపులూ మూసుకోమనడం ఏ రకం సలహా? పెద్ద పేరున్నచోట మోసాలు లేవా?

అయిదొందల పేజీల నవలకు కాగితం ఖర్చే చిన్నవాణ్ణి ముంచేస్తుందన్న అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. కాశీమజిలీ పన్నెండు భాగాలుగా వచ్చిందని చెప్పుకున్నాం, టోల్కీన్ మూడుగా వచ్చాడు. భాగాలుగా వేసుకోవచ్చు. ముందుగానే చందాలు కట్టించుకుని అచ్చుకు దిగడం మనకు పాత అలవాటే. పైగా ఇప్పుడు కావలసినన్ని కాపీలే వేయించుకునే డిజిటల్ అచ్చు ఉంది. మొదట రెండొందలు వేసి, పోయాక మరో రెండొందలు వేసుకోవచ్చు. అయిదొందల కాపీలు చిన్న సంఖ్యేనని వెక్కిరించేవాళ్లు, ఆ అయిదొందల మందీ చివరిదాకా చదివేవాళ్లైతే ఆ రచయిత రెండో నవలకు ఎంత బలమో ఆలోచించాలి.

ఇంగ్లండ్, అమెరికాల్లో పెద్ద సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా వస్తే తప్ప రాతప్రతి ముట్టుకోవు. తెలుగులో ఏజెంట్లు లేరు. అది లోటని అందరూ అంటారు. నాకు మాత్రం అందులో ఒక వెసులుబాటు కనిపిస్తుంది. రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య ఎవరూ లేరు. డిసెంబర్లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడకో వెళితే చిన్న సంస్థల స్టాల్లో బిల్లు రాసే మనిషే చాలాసార్లు సంపాదకుడు కూడా. వాళ్లు వేసిన పుస్తకాలు రెండు కొని చదవండి. మీ కథకు ఆ ఇంట్లో చోటుందనిపిస్తేనే పంపండి. మొదటి మూడు అధ్యాయాలు, మొత్తం కథ ముగింపుతో సహా ఒకటి రెండు పేజీల్లో, మీ గురించి నాలుగు వాక్యాలు చాలు. ముగింపు దాచిపెట్టకండి, చదివేవాడికి మీరు కథను ఎలా దించారో తెలియాలి. యూనికోడ్‌లో టైపు చేయండి, అను ఫాంట్లలో పంపితే అవతలివాళ్ల కంప్యూటర్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపకండి. పంపాక మూడు నెలలు ఆగండి, ఆ తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి.

చిన్న ప్రచురణకర్తలను నేను అడిగేది కూడా ఒకటుంది. ఏ రకం రాతప్రతులు తీసుకుంటారో, ఏ నెలల్లో చదువుతారో, ఎన్నాళ్లలో జవాబిస్తారో ప్రతి పుస్తకం చివరి పేజీలో అచ్చేయండి. ఆ జాబితాలో ఫాంటసీ అన్న మాట స్పష్టంగా ఉండాలి. వద్దనుకున్న రాతప్రతికి కూడా రెండు వాక్యాల జవాబు రాయండి. అందులో ఒక వాక్యమైనా ఎందుకు వద్దనుకున్నారో చెప్పాలి.